ఒక్క మాటతో హీబ్రూ: విజయనగరం తరగతిలో ‘నెషికా’ పాఠం

విజయనగరంలో గంటస్తంభానికి కొద్ది దూరంలో ఒక మేడమీది గదిలో సోమవారం సాయంత్రాలు హీబ్రూ భాష నేర్పుతున్నారు. అక్షరమాలతో మొదలుపెట్టి వ్యాకరణం మీదుగా వాచకాలకు వెళ్ళే మామూలు పద్ధతి ఇక్కడ లేదు. ఒక్కొక్క విడతకు ఒక్క మాటను తీసుకొని, అది బైబిలులో ఎక్కడెక్కడ వచ్చిందో, యూదుల పండితులు దానిని ఎలా అర్థం చేసుకున్నారో, నేటి ఇజ్రాయెల్‌లో జనం దానిని ఎలా వాడుతున్నారో వరుసగా చూపిస్తారు. అక్షరాలు, ధాతువులు, క్రియారూపాలు ఆ దారిలోనే పట్టుబడతాయి. నేను చేరిన విడతలో తీసుకున్న మాట ‘నెషికా’, అంటే ముద్దు. ఒక్క మాట మీద అన్ని వారాలు గడపడానికి ఏముంటుందని అనుకునేవారి కోసమే ముఖ్యంగా ఈ సమీక్ష రాస్తున్నాను.

సోమవారాన్ని ఎంచుకోవడంలోనే నిర్వాహకుల ఆలోచన తెలుస్తుంది. ఆదివారం ఆరాధనల పని ముగించుకొని మర్నాడు కాస్త తీరిక దొరికే పాస్టర్లు నెల్లిమర్ల, గజపతినగరం, బొబ్బిలి వైపుల నుంచి వస్తారు. వారితోపాటు సంస్కృతం బోధించి పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు, జూనియర్ కళాశాలలో లెక్కలు చెప్పే ఒక అధ్యాపకురాలు, భాషల మీద మక్కువ తప్ప వేరే అవసరం లేని నాలాంటివారు కొందరు కూర్చుంటారు. మత గ్రంథాల ప్రస్తావన లేకుండా ఈ పాఠం సాగదు గాని, మతబోధ మాత్రం జరగదు. బోధకుణ్ణి అందరూ మాస్టారు అనే పిలుస్తారు. ఆయన పాస్టర్లను ‘అయ్యగారూ’ అనీ, సంస్కృతం తెలిసిన పెద్దమనిషిని ‘పంతులుగారూ’ అనీ సంబోధిస్తూ, ఎవరికి ఏ విద్య తెలుసో అందులోంచే వారిని ప్రశ్న అడుగుతారు. రుసుము నెలకు 500 రూపాయలు. జిరాక్సు కాగితాలకు వేరే డబ్బు తీసుకోరు.

మొదటి సాయంత్రం ఆయన నిర్వచనం చెప్పకుండా పాఠం మొదలుపెట్టడం నాకు చాలా నచ్చింది. నెషికా అనే నామవాచకం హీబ్రూ బైబిలు మొత్తంలో రెండే చోట్ల వస్తుందని చెప్పి, ఆ రెండు వాక్యాలనూ బోర్డు మీద పక్కపక్కన రాశారు. ఒకటి పరమగీతము 1:2. ప్రియుడు తన నోటి ముద్దులతో తనను ముద్దాడాలని ఒక స్త్రీ కోరుకునే మాట అది. రెండవది సామెతలు 27:6. స్నేహితుడు చేసిన గాయాన్నయినా నమ్మవచ్చునని చెబుతూ, పగవాడు కురిపించే ముద్దుల విషయంలో హెచ్చరించే హితవు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని చూసిన తరువాత, ఆ మాటకు ఒక్క తెలుగు సమానార్థకం రాసుకొని పుస్తకం మూసేయాలని ఎవరికీ అనిపించదు. నామవాచకం ఇంత అరుదైనా, నూన్, షీన్, కోఫ్ అనే మూడు అక్షరాల ధాతువు నుంచి వచ్చే క్రియ ముప్పైకి పైగా చోట్ల కనబడుతుంది. వాటిలో ప్రేమికుల ముద్దులు బహు కొద్ది. తండ్రీకొడుకులు, అన్నదమ్ములు, అత్తాకోడళ్ళు, మామా అల్లుళ్ళు, రాజులు, ప్రవక్తలు ముద్దుపెట్టుకున్న సందర్భాలే ఎక్కువ.

ధాతువును పరిచయం చేయడానికి ఆదికాండము 29వ అధ్యాయాన్ని తీసుకోవడం ఈ విడతకంతటికీ ప్రాణమని నా అభిప్రాయం. యాకోబు బావి దగ్గర రాహేలును మొదటిసారి చూసే ఘట్టమది. 10వ వచనంలో అతడు బావి మీది రాయిని దొర్లించి మేనమామ లాబాను గొర్రెలకు నీళ్ళు పెడతాడు. 11వ వచనంలో రాహేలును ముద్దుపెట్టుకొని గొంతెత్తి ఏడుస్తాడు. నీళ్ళు పెట్టడాన్ని చెప్పిన క్రియ ‘వయ్యష్క్’, ముద్దుపెట్టుకోవడాన్ని చెప్పిన క్రియ ‘వయ్యిష్షక్’. రెండూ వేర్వేరు ధాతువులవి. అయితే హీబ్రూలో ప్రధానంగా హల్లులనే అక్షరాలుగా రాసి, అచ్చులను చుక్కలుగా, చిన్న గీతలుగా వాటికి చేరుస్తారు కనుక, ఆ గుర్తులు తీసేస్తే రెండు మాటలూ ఒక్కటే అయిపోతాయి: వావ్, యోద్, షీన్, కోఫ్; అవే నాలుగు అక్షరాలు, అదే వరుస. మాస్టారు ఆ నాలుగింటినీ బోర్డు నిండా పెద్దవిగా రాసి చదవమన్నారు. ఒకరు ఒకలా, మరొకరు మరోలా చదివారు. అప్పుడు ఎర్ర సుద్దతో మొదటి మాటకూ, నీలి సుద్దతో రెండవ మాటకూ అచ్చుగుర్తులు పెట్టి, పూర్వాపరాలు తెలియకుండా హీబ్రూను చదవడం సాధ్యం కాదనే విషయాన్ని ఆ ఒక్క చూపుతోనే మా మనసుకెక్కించారు. యూదుల ప్రార్థనామందిరంలో ఉండే తోరా చుట్టలో, అంటే మోషే అయిదు కాండాల చేతిరాత ప్రతిలో, అచ్చుగుర్తులు రాయరనీ, చదివేవారు ఏ మాటను ఎలా పలకాలో ముందే నేర్చుకొని నిలబడాలనీ అప్పుడే చెప్పారు. కథలో కూడా ఈ రెండు పనులూ ఒకదాని వెంట ఒకటి రావడం యాదృచ్ఛికం కాదని నాకు తోచింది. దాహం తీర్చిన చేతులే ఆప్యాయతనూ చూపాయి, రచయిత అక్షరాలను కూడా ఆ పనికి వాడుకున్నాడు.

ఇంత చక్కని పాఠానికి మాకిచ్చిన కాగితం మాత్రం తగినట్టుగా లేదు. జిరాక్సు మీద మళ్ళీ జిరాక్సు తీయడంవల్ల చుక్కలు సగానికి సగం చెరిగిపోయి, కొన్నిచోట్ల యంత్రం తెచ్చిపెట్టిన మరకలు చుక్కల్లా కనబడుతున్నాయి. తెలుగు కాగితమైతే దీనిని పట్టించుకోనక్కరలేదు. చుక్కమీదే అర్థం నిలబడే భాషకు ఇది చిన్న లోపం కాదు. తరువాతి వారం పాఠంలో ఆ సంగతి మరీ స్పష్టంగా తెలిసింది.

ఆ వారం చదివినది ఆదికాండము 33:4. ఇరవై ఏళ్ళకు పైగా ఎడబాటు తరువాత ఏశావు తమ్ముడు యాకోబుకు ఎదురు పరుగెత్తి, కౌగలించుకొని, మెడమీద పడి ముద్దుపెట్టుకుంటాడు; ఇద్దరూ ఏడుస్తారు. ‘ముద్దుపెట్టుకున్నాడు’ అనే ఆ మాటకు, అందులోని ఆరు అక్షరాలలో ఒక్కొక్కదాని పైనా ఒక్కొక్క చుక్క ఉంటుంది. ఇవి అచ్చుగుర్తులు కావు. అచ్చులు రాయని తోరా చుట్టలో కూడా ఈ చుక్కలను లేఖకులు తప్పకుండా పెడతారు. ఎందుకు పెట్టారన్నదానిపై ‘బెరేషీత్ రబ్బా’ అనే వ్యాఖ్యాన గ్రంథంలో ఇద్దరు గురువుల వాదం ఉంది. ఆ క్షణంలో ఏశావుకు నిజంగానే కరుణ పుట్టి నిండు మనసుతో ముద్దుపెట్టుకున్నాడని రబ్బీ షిమోన్ బెన్ ఎలాజార్ అన్నాడు. అలాగైతే చుక్కలు ఎందుకని రబ్బీ యన్నాయ్ ఎదురు ప్రశ్న వేసి, ఏశావు వచ్చింది కరవడానికేననీ, యాకోబు మెడ పాలరాయిలా గట్టిపడి అతని పళ్ళకు నొప్పి పుట్టిందనీ, ఇద్దరి కన్నీళ్ళకూ కారణం వేరువేరనీ చెప్పాడు. ముద్దుకు కోఫ్, కాటుకు కాఫ్. హీబ్రూలో ఈ రెండు ధాతువులకూ చివరి అక్షరం ఒక్కటే తేడా. మాస్టారు ఈ రెండు పక్షాల్లో దేనినీ సమర్థించకుండా, తరగతిని రెండు వైపులా కూర్చోబెట్టి వాదించమన్నారు. అన్నదమ్ముల భూమి తగాదాలను ఎన్నో చూసిన పాస్టర్లు ఏశావు పక్షాన ఎంతో ఆర్ద్రంగా మాట్లాడారు. నేను చూసిన భాషాబోధనలో ఇంత మంచి సాయంత్రం మరొకటి లేదు. కాగితంలో మాత్రం ఆ ఆరు చుక్కల్లో రెండే మిగిలాయి.

అదే వ్యాఖ్యాన గ్రంథంలో ముద్దులకు ఒక వర్గీకరణ ఉంది. ముద్దులన్నీ చపలత్వమేనని చెప్పి, మూడింటిని దానినుంచి మినహాయించారు: సమూయేలు సౌలును రాజుగా అభిషేకించి పెట్టిన గౌరవపు ముద్దు, అహరోను చాలాకాలానికి కనబడిన తమ్ముడు మోషేకు పెట్టిన పునస్సమాగమపు ముద్దు, ఓర్పా అత్తగారు నయోమికి పెట్టిన వీడ్కోలు ముద్దు. రబ్బీ తన్హూమా వీటికి బంధుత్వపు ముద్దును చేర్చాడు. యాకోబు రాహేలును ముద్దుపెట్టుకున్నది ఆమె మేనమామ కూతురు కాబట్టేనని ఆయన ఉద్దేశం. ఈ జాబితాను చదువుతున్నప్పుడు సంస్కృతం పంతులుగారు ఇస్సాకు కథను గుర్తుచేశారు. చూపు పోయిన ఇస్సాకు కొడుకును దగ్గరకు రమ్మని, ముద్దుపెట్టుకోమని, అతని బట్టల వాసన చూసి, అది యెహోవా దీవించిన చేని సువాసనలా ఉందని ఆశీర్వదిస్తాడు. మన కావ్యాలలో పెద్దలు పిల్లలను దగ్గరకు తీసుకొని శిరస్సు మూర్కొంటారని, మూర్ధాఘ్రాణమనేది వాత్సల్యానికీ దీవెనకూ ఒకే గుర్తని ఆయన వివరించారు. ఇప్పటి పిల్లలు ఆ మాటను పద్యాల్లో చూసి తెల్లబోతారు గాని, మా ప్రాంతపు పల్లెల్లో ముసలమ్మలు మనవల నడినెత్తి వాసన చూడటం నేనెరుగుదును. మాస్టారు ఈ పోలికను అక్కడితో వదలకుండా, ఇస్సాకు ఘట్టాన్ని మళ్ళీ హీబ్రూలో చదివించి, ముద్దు, వాసన, దీవెన అనే మూడు క్రియలు ఒకే వచనంలో వరుసగా రావడం చూపించారు.

మృత్యువు గురించిన పాఠం గంభీరంగా సాగింది. ద్వితీయోపదేశకాండము 34:5లో మోషే యెహోవా మాటచొప్పున మృతినొందాడని తెలుగు బైబిలు చెబుతుంది. హీబ్రూలో ఉన్నది ‘అల్ పీ’. అక్షరాలా చూస్తే నోటిమీద లేదా నోటివలన అని. ఆ నోటిని పట్టుకొని తల్మూదు అనే యూదుల ధర్మచర్చల సంకలనంలోని గురువులు మోషే దేవుని ముద్దుతో ప్రాణం విడిచాడన్నారు. బావా బత్రా అనే భాగంలో అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు, మోషే, అహరోను, మిర్యాము అనే ఆరుగురిని మృత్యుదూతకు లోబడనివారిగా, ముద్దుతో పోయినవారిగా లెక్కించారు. మిర్యాము విషయంలో మాత్రం, స్త్రీ గురించి అలా రాయడం మర్యాద కాదని లేఖనం ఆ మాటను పైకి చెప్పలేదట. బెరాఖోత్ అనే మరో భాగంలో లోకంలో 903 రకాల చావులున్నాయనీ, వాటిలో అన్నిటికన్నా సులువైనది ముద్దు అనీ, అది పాలలోంచి వెంట్రుక తీసినట్టుంటుందనీ ఉంది. ‘మీతత్ నెషికా’ అనే ఈ పదబంధం తరువాతి కాలంలో బాధలేని పుణ్యమరణానికి పేరైంది. సమాధి ఆరాధనలు ఎన్నో జరిపిన ఒక పెద్ద పాస్టరు ఆ భాగాన్ని తన నోటుపుస్తకంలో రెండుసార్లు రాసుకోవడం చూశాను.

ఆచారాల పాఠం నాకు అన్నిటికన్నా దగ్గరైనది. యూదుల ఇళ్ళలో కుడి ద్వారబంధానికి మెజూజా అనే చిన్న గొట్టం బిగించి ఉంటుంది. అందులో ద్వితీయోపదేశకాండము 6, 11 అధ్యాయాల భాగాలు చేతిరాతతో ఉన్న తోలుపత్రం ఉంటుంది. వచ్చేటప్పుడు, పోయేటప్పుడు చాలామంది దానిని వేళ్ళతో తాకి ఆ వేళ్ళను ముద్దుపెట్టుకుంటారు. ప్రార్థనామందిరంలో తోరా చుట్టను ఊరేగించినప్పుడు చేతితో తగలకుండా ప్రార్థన శాలువా అంచును దానికి తాకించి, ఆ అంచును ముద్దుపెట్టుకుంటారు. పవిత్ర గ్రంథం జారిపడితే తీసి ముద్దుపెట్టుకుంటారు. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే మనకు ఈ చివరిదాన్ని ఎవరూ వివరించనక్కరలేదు. రబ్బీ అబ్బా ఇజ్రాయెల్ దేశపు హద్దుకు చేరి అక్కో రాళ్ళను ముద్దాడేవాడని తల్మూదులో కెతుబోత్ అనే భాగం చెబుతుంది. గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు యూదు కుటుంబాలు ఉన్నాయనీ, వారికి ప్రార్థనామందిరం ఉందనీ విని తరగతిలో సగం మంది ఆశ్చర్యపోయారు. ఆ కబురును మాస్టారు ఒక్క వాక్యంలో దాటేశారు; మన భాష మాట్లాడేవారి మధ్య ఉన్న ఆ ఆచారాల గురించి ఇంకొంత చెప్పవలసింది.

పెదవులతో సంబంధం లేని అర్థాలను చూపించినప్పుడు ఈ ధాతువు పూర్తి స్వరూపం బయటపడింది. ‘నెషెక్’ అంటే ఆయుధాలు. ముద్దుకూ ఆయుధానికీ మూలం ఒకటేనా అనే విషయంలో నిఘంటుకారులకు ఏకాభిప్రాయం లేదు. 1890లో వచ్చిన స్ట్రాంగ్ పదసూచిక తగిలించుకోవడం, అంటిపెట్టుకోవడం అనే భావం మీదుగా రెండింటినీ ఒకే ధాతువు కింద చేర్చింది. వేరువేరు ధాతువులుగా చూపేవారూ ఉన్నారు. మాస్టారు ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పకపోవడం ఆయన మీద నాకున్న గౌరవాన్ని పెంచింది. ముద్దుపెట్టుకోబోతున్నట్టు కుడిచేత్తో అమాశా గడ్డం పట్టుకొని, కత్తితో పొడిచి చంపిన యోవాబు కథను చదివించి ఊరుకున్నారు. తాకడం అనే భావం మాత్రం తిరుగులేనిది. యెహెజ్కేలు 3:13లో జీవుల రెక్కలు ఒకదానికొకటి తగలడాన్ని ఇదే ధాతువుతో చెప్పారు. స్నానశుద్ధికి వాడే మిక్వే కుండంలో, వాననీటి తొట్టికీ మామూలు నీటి తొట్టికీ మధ్య రంధ్రం ఉంచి రెండు నీళ్ళనూ కలపడాన్ని ‘హషాకా’ అంటారు; ఆ స్పర్శతో మామూలు నీరూ శుద్ధికి పనికివస్తుంది. జ్యామితిలో వృత్తాన్ని ఒక్క బిందువు దగ్గర తాకి వెళ్ళే రేఖ పేరు ‘మషీక్’. ఈ మాట వినగానే లెక్కల అధ్యాపకురాలు లేచి బోర్డు దగ్గరకు వెళ్ళి, వృత్తమూ దానికి స్పర్శరేఖా గీసి, పక్కన రెండు భాషల పేర్లూ తానే రాశారు.

ఇక అసంతృప్తి. పరమగీతంతో మొదలైన విడత దానికి తగిన న్యాయం చేయలేదు. 11వ శతాబ్దపు వ్యాఖ్యాత రాషీ ఆ వచనం దగ్గర, కొన్ని చోట్ల చేతి వెనుక భాగాన్నీ భుజాన్నీ ముద్దుపెట్టుకునే అలవాటు ఉంటుందనీ, ఈమె కోరుకునేది వరుడు వధువుకు నోటితో పెట్టే ముద్దు అనీ మొహమాటం లేకుండా రాసి, ఆ తరువాతే దేవుడు ఇశ్రాయేలుకు ముఖాముఖిగా ధర్మశాస్త్రం ఇచ్చాడనే అంతరార్థానికి వెళ్ళాడు. గ్రంథాలన్నీ పవిత్రమైతే పరమగీతము అతిపవిత్రమని రబ్బీ అకీవా అన్న మాట తల్మూదుకు మూలమైన మిష్నా అనే గ్రంథంలో ఉంది. అంత గౌరవం పొందిన ప్రేమకవితను మా తరగతిలో మాత్రం అంతరార్థంతోనే మొదలుపెట్టి, అంతరార్థంతోనే ముగించారు. పెద్దవాళ్ళు, స్త్రీలు, పాస్టర్లు కలిసి కూర్చున్న గదిలో ఆ బిడియం సహజమే. కానీ క్షేత్రయ్య పదాలను సభల్లో విని తల ఊపే ఊరిలో, సంగీత కళాశాల ఉన్న ఊరిలో, ఆ కవిత్వాన్ని కవిత్వంగా చదివితే ఎవరూ నొచ్చుకునేవారు కాదు.

నేటి వాడుకకు ఇచ్చిన సమయం కూడా చాలదు. ఉత్తరాల చివర, ఫోను సందేశాల చివర ‘నెషికోత్’ అని బహువచనంలో రాయడం, కోడిగుడ్డు తెల్లసొన, పంచదార గిలకొట్టి కాల్చే చిన్న తీపి పదార్థాలకు అదే పేరు ఉండటం, పాఠశాలల ముందు పిల్లల్ని దించి ఆగకుండా వెళ్ళిపోవలసిన చోటును ముద్దుపెట్టి సాగమనే అర్థంలో ‘నషేక్ వ-సా’ అనడం వంటివి చివరి అరగంటలో గబగబా చెప్పి ముగించారు. ఉద్యోగాల కోసమో సంరక్షకులుగానో ఇజ్రాయెల్ వెళ్ళాలనుకునేవారు ఈ తరగతిని నమ్ముకుంటే నిరాశ పడతారు. వారికి కావలసినది వేరే రకం శిక్షణ.

బైబిలును తెలుగులో చిన్ననాటి నుంచీ చదువుతూ, దాని వెనుక ఉన్న భాషను ఒక్కసారైనా కళ్ళారా చూడాలనుకునేవారికి మాత్రం ఇంతకన్నా మంచి అవకాశం ఈ ప్రాంతంలో నాకు తెలిసి లేదు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీ సొసైటీ వారు జార్జ్ క్రాన్, అగస్టస్ దె గ్రాంజ్ తెలుగు అనువాదానికి పూనుకున్నది ఈ తీరంలోనే. అటువంటి చోట మూలభాష నేర్పే గది ఒకటి నడుస్తూ ఉండటం నాకు ఎంతో సంతోషంగా ఉంది. తరువాతి విడతకు తీసుకునే మాట ‘షాలోమ్’, అంటే సమాధానం, అని ప్రకటించారు. నీతీ సమాధానమూ ఒకదానినొకటి ముద్దుపెట్టుకున్నాయని చెప్పే 85వ కీర్తన వచనంతో నెషికా పాఠం ముగిసింది కనుక ఆ ఎంపిక సహజమైనదే. చేరదలచినవారు అచ్చుగుర్తులు స్పష్టంగా ఉన్న హీబ్రూ బైబిలును సొంతంగా తెచ్చుకోవాలి. పంచే కాగితాల మీద ఆధారపడకూడదు. నిర్వాహకులకు నా విన్నపం ఒకటే: ఆరు గంటలకు బదులు అయిదింటికే మొదలుపెట్టండి. బొబ్బిలి వైపు బస్సు కోసం ముందే లేచి వెళ్ళవలసి వచ్చిన పాస్టర్లకు, మాస్టారు ప్రశ్నలకు జవాబులిచ్చే ఆఖరి ఇరవై నిమిషాలు ప్రతి వారం దక్కకుండా పోతున్నాయి.